మాలకొండమ్మ చేలో రైల్వే స్టేషన్

గుండ్లకుంట రైల్వే స్టేషన్‌కు గది ఉంది, ప్లాట్‌ఫారం ఉంది, గంట ఉంది, ఊరి పేరు రాసిన పలక ఉంది, కాకీ కోటు వేసుకుని తిరిగే మాస్టరు కూడా ఉన్నాడు. రైలు మాత్రం లేదు. రైలు నడవడానికి పట్టాలూ లేవు. ఇటు వింజమూరు దాకా, అటు ఉదయగిరి కొండ మొదలు దాకా నడిచి చూసినా కంకర రోడ్డూ, తంగేడు చెట్లూ, మేకలూ తప్ప ఇంకేమీ కనిపించవు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసినా పైకి అనడం మర్యాద కాదని అందరూ ఊరుకున్నారు. ఊరుకోలేకపోయిన మనిషి మాలకొండమ్మ, ఎందుకంటే ఆ స్టేషన్ నిలబడింది ఆమె చేలో.

ఆ చేను ఎకరం నేల. మాలకొండమ్మ పుట్టిల్లు కొండాపురం దగ్గర. వాళ్ల నాయన బావులు తవ్వే మనిషి. గుండ్లకుంటలో ఒక ఆసామికి బండ పగలగొట్టి నీళ్లు చూపించి, కూలికి బదులు ఈ ఎకరం తీసుకుని, కూతురి పెళ్లికి పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. ఎర్ర నేల. వాన పడితే సజ్జలు, సాళ్ల మధ్య పెసలు, గట్టు మీద కందులు. మాలకొండమ్మకూ, మొగుడు పెంచలయ్యకూ ఉన్నదల్లా అదే. ఆ సజ్జ సంగటి తిని బతికినన్నాళ్లూ ఆమె ఒకరి చేలో వంగలేదు. దేవుడు తనకు ఏమిచ్చాడంటే ఆ ఎకరం ఇచ్చాడని చెప్పుకునేది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు వేసవిలో రైల్వే సర్వే వాళ్లు వచ్చారు. గొలుసులు, ఎరుపు తెలుపు రంగులు వేసిన కర్రలు, మూడు కాళ్ల మీద నిలబెట్టే యంత్రం. కోత అయిపోయి చదునుగా ఉంది కదా అని మాలకొండమ్మ చేలోనే డేరా వేసుకున్నారు. పెంచలయ్య వాళ్లకు కుండతో నీళ్లు మోసి, రంగు కర్ర పట్టుకుని ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడ్డాడు. అతను కదలకుండా నిలబడే పద్ధతి వాళ్లకు బాగా నచ్చింది. అంతకు ముందు అతనిలో ఎవరికైనా ఏదైనా నచ్చిన దాఖలా లేదు. వెళ్లేటప్పుడు ఒక పాత కాకీ కోటు ఇచ్చి వెళ్లారు.

అదంతా అక్కడితో అయిపోవలసింది. కానీ వెళ్లే ముందు రోజు ఊరి పెద్ద చెంచురామయ్య సర్వే వాళ్ల ఇంజనీరును భోజనానికి పిలిచాడు. చెంచురామయ్యకు నలభై ఎకరాల మాగాణి, పెద్ద మిద్దె, నాలుగు ఊళ్లలో పలుకుబడి ఉన్నాయి. ఆ పలుకుబడి చాలావరకు సంబంధాలు కుదర్చడంలో వచ్చింది. ఆకులో నెయ్యి పోయిస్తూ, మా ఊళ్లో స్టేషన్ వస్తుందా అని అడిగాడు. ఇంజనీరు నోట్లో ముద్ద పెట్టుకుని, చూద్దాం అన్నట్టు తల ఊపాడు. తరువాత పప్పు మళ్లీ వేయించుకున్నాడు.

మా వైపు ఒక ఆచారం ఉంది. పెళ్లిచూపులకు వచ్చిన మగపెళ్లివారు సంబంధం నచ్చితే తప్ప ఆ ఇంట్లో భోజనం చెయ్యరు. నచ్చకపోతే మంచినీళ్లు తాగి, కబురు చేస్తామని చెప్పి బండి ఎక్కుతారు. విస్తరి ముందు కూర్చుని చెయ్యి కడిగారంటే కుదిరినట్టే, ఇక వెనక్కి పోవడం ఉండదు. ఇంజనీరు బండి ఊరు దాటగానే చెంచురామయ్య పెద్దలను పిలిపించాడు.

"నా వయసులో ఎన్ని సంబంధాలు చూసినానో మీకు తెలుసు. ఇష్టం లేని ఇంట్లో ఎవుడన్నా పప్పు రెండోమాటు అడుగుతాడా? మజ్జిగ తాగినాడు, చెయ్యి కడిగినాడు. స్టేషన్ మనకు ఖాయమైపోయింది."

"ఆయన ఎండన పడి వచ్చినాడు. ఆకలై తిన్నాడేమో," అన్నాడు పురోహితుడు వెంకటరమణయ్య.

"ఆకలైతే మాత్రం మాట ఇయ్యకుండా తింటాడా, చదువుకున్నోడు?"

దాంతో పెద్దలంతా ఒప్పుకున్నారు. అయితే కొత్త భయం పుట్టుకొచ్చింది. సర్వే వాళ్లు అక్కడి నుంచి పక్క ఊరు ఏటిగడ్డపాలెం వెళుతున్నారు. అక్కడివాళ్లు పాయసం పెడితే? పెళ్లి పీటల మీద నుంచి లేచిపోయిన పెళ్లికొడుకులు లేరా? అందుకని చెంచురామయ్య, వాళ్ల మనసు మారేలోపు శంకుస్థాపన చేసేద్దామన్నాడు. శంకువు పడిన చోటి నుంచి ఇల్లు కదలదు, ప్రభుత్వం వారిదైనా సరే. ఎక్కడ చెయ్యాలనే ప్రశ్నే రాలేదు. డేరా వేసిన చోటే స్టేషన్ అని అందరూ అనుకున్నారు. చెంచురామయ్య పొలంలో డేరా వేసి ఉంటే అంత గట్టిగా అనుకునేవారో కాదో చెప్పలేం.

మాలకొండమ్మ తుమ్మ కంపలు కొట్టుకుని ఇంటికి వస్తూ చూసేసరికి చేలో ఈశాన్య మూల గొయ్యి తవ్వి ఉంది. చుట్టూ జనం. పెంచలయ్య కోటు వేసుకుని గొయ్యి పక్కన నిలబడి ఉన్నాడు. వెంకటరమణయ్య సంకల్పం చెప్పబోతూ ఆగాడు. ఇల్లు కట్టుకునేవారి గోత్రం చెప్పాలి. రైల్వే వారి గోత్రం ఏమిటి? చెంచురామయ్య తన గోత్రం చెప్పడానికి ఒప్పుకోలేదు, చెబితే అది తన ఇల్లవుతుందట. చివరికి గోత్రం తెలియని వాళ్లకు కాశ్యప గోత్రం చెప్పే పద్ధతి ఉంది కనుక రైల్వే వారు కాశ్యప గోత్రీకులయ్యారు. నవధాన్యాలు పోశారు, పాలు పోశారు, కొయ్య శంకువు దిగ్గొట్టారు.

"అయ్యా, ఇదేంది?" అంది మాలకొండమ్మ.

"నీ అదృష్టమమ్మే. స్టేషన్ నీ చేలో పడింది," అన్నాడు చెంచురామయ్య.

"పడనీండి. ఆ మూల గది కట్టుకోండి, నేను కాదన్లా. మిగతాదాంట్లో తొలకరికి సజ్జలు చల్లుకుంటాను."

వెంకటరమణయ్య తల అడ్డంగా ఊపాడు. "చల్లగూడదు తల్లీ. శంకువు పడిన నేలలో గృహప్రవేశం అయ్యేదాకా నాగలి దిగితే ఊరికే అరిష్టం."

"గృహప్రవేశం ఎప్పుడు చేస్తారు?"

"రైలు వచ్చినాక," అన్నాడు చెంచురామయ్య. "అయినా సజ్జలు ఎట్టా చల్లుతావే? రైలు ఎంత పొడుగుంటాదో నువ్వు చూసినావా? ఎకరం చాలదేమోనని నేనిక్కడ దిగులుపడతా ఉండాను."

మాలకొండమ్మ మొగుడి వైపు చూసింది. పెంచలయ్య ఆమె వైపు చూడలేదు. రైలు వచ్చే దిక్కు చూస్తున్నాడు.

ఊరివాళ్లే రాళ్లు తోలి, సున్నం కలిపి గది కట్టారు. మట్టి పోసి ప్లాట్‌ఫారం ఎత్తు చేశారు. పెంచలయ్యను కాపలా పెట్టారు. కోటు ఎలాగూ ఉంది కాబట్టి మాస్టరు అన్నారు. చెంచురామయ్య ఒకసారి కావలి వెళ్లినప్పుడు అక్కడి పాత ఇనుప సామాను కొట్లో జానెడు పట్టా ముక్క కనిపిస్తే తెచ్చి వేపకొమ్మకు వేలాడదీయించాడు. అదే గంట. గుండ్లకుంటకు వచ్చిన రైలు పట్టా మొత్తం అంతే.

పెంచలయ్య ఊరికే కూర్చునే మాస్టరు కాడు. కర్ర పట్టుకుని నిలబడమంటే నిలబడిన మనిషి కదా, ఏ పని ఇచ్చినా ప్రాణం పెట్టి చేసేవాడు. పట్టాలు వచ్చేదాకా గుర్తు ఉండాలని ప్లాట్‌ఫారం పక్కన ముగ్గుపిండితో రెండు పొడుగు గీతలు గీశాడు. వాన పడితే చెరిగేవి, ఎండ కాయగానే మళ్లీ గీసేవాడు. ఆ గీతలు దాటేవాళ్లు ఇటూ అటూ చూసి దాటాలి. మొదట్లో జనం నవ్వారు. తరువాత ఎవరూ చూడకుండా ఉన్నప్పుడు కూడా చూసి దాటడం అలవాటైపోయింది. గీతల మీద మేకలు తోలితే ఆ మేకల మనిషిని గదిలో పొద్దు గూకేదాకా కూర్చోబెట్టేవాడు. కూర్చున్నవాళ్లు కూడా తప్పు చేశామన్నట్టే కూర్చునేవారు.

నెల్లూరుకూ ఉదయగిరికీ మధ్య తిరిగే బస్సు ఆ పక్క రోడ్డు మీదే పోతుంది. దాని డ్రైవరు యేసురత్నం. స్టేషన్ దగ్గర బస్సు ఆపాలనీ, గంట కొట్టాకే కదలాలనీ పెంచలయ్య కట్టడి చేశాడు. యేసురత్నం ఒకరోజు ఎగతాళి చేసి గంట కొట్టకముందే పోనిచ్చాడు. ఊరు దాటి మైలు పోకముందే టైరు పగిలింది. ఆ తరువాత గంట వినకుండా అతను బస్సు కదిలిస్తే ఒట్టు. పెంచలయ్య ఇంటికి పోయి అన్నం తిని వచ్చేదాకా కూడా బస్సు అలాగే నిలబడి ఉండేది, జనం అలాగే కూర్చుని ఉండేవారు.

స్టేషన్ పేరు చెప్పి ఊరికి ఎంతో మేలు జరిగిందని పెద్దలు అనేవారు. అది నిజమే. రైలు ఆగే ఊరంటే పిల్లనిచ్చేవాళ్లు ముందుకొచ్చారు. ముప్పై దాటిన బ్రహ్మచారులకు కూడా పెళ్లిళ్లయ్యాయి. ఏటిగడ్డపాలెం వాళ్లు కళ్లల్లో కారం పడ్డట్టు గోలపెట్టి, స్టేషన్ న్యాయంగా తమదని కోర్టుకెక్కారు. లేని స్టేషన్ కోసం రెండూళ్లూ వాయిదాలకు తిరిగాయి. మొదటి ఎన్నికలు వచ్చినప్పుడు ఓట్లకు నిలబడినాయన వచ్చి, రైలు తన బాధ్యత అని చెప్పి, పేరు రాయించిన పలక పెట్టించి వెళ్లాడు. ఆయన ఓడిపోయాడు గానీ పలక నిలిచింది.

ఈ మేలంతా జరుగుతున్నప్పుడు మాలకొండమ్మ చెంచురామయ్య చేలో కలుపు తీస్తూ ఉంది. ఎకరం బీడు పడ్డాక ఆ ఇంటికి గింజలు ఎక్కడి నుంచి వస్తాయి? స్టేషన్ మాస్టరు పదవికి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు, గౌరవం తప్ప. ఆమె పొద్దున్నే కొంగు నడుముకు బిగించి కూలికి పోయేది, సాయంత్రం ఒళ్లో గింజలు పోయించుకుని వచ్చేది. ఏటా తొలకరి వాసన తగలగానే చేతిలో పని వదిలేసి చేను గట్టు మీదికి పోయి నిలబడేది. చుట్టూ చేలన్నిట్లోనూ నాగళ్లు ఆడుతుంటే తన చేలో పెంచలయ్య ముగ్గుపిండి డబ్బా పట్టుకుని తిరుగుతుండేవాడు. ఆ సమయంలో ఆమెకు ఏడుపొచ్చేది. ఆ ఏడుపును కోపం చేసుకుని ఇంటికి వచ్చి గిన్నెలు ఎత్తెత్తి వేసేది.

ఒక ఏడు గది గోడ పక్కన సొర గింజలు పెట్టింది. నాగలి అక్కర్లేదు, శాస్త్రం అడ్డు రాదు అనుకుంది. తీగ గది పైకి పాకి, స్టేషన్ పేరు పలక మీదుగా దిగి, చంకలో పిల్లంత కాయలు కాసింది. మాలకొండమ్మ రోజూ పోయి ఆ కాయలను తడిమి చూసుకునేది. ఇంతలో ఎవరో పెద్దాఫీసరు ఆ దారిన పోతాడని కబురొచ్చింది. స్టేషన్ మీద సొరకాయలుంటే పరువు పోతుందని చెంచురామయ్య తీగ పీకించాడు. ఆఫీసరు కారు ఆగకుండా పోయింది. పీకిన తీగ మీద లేత పిందెలు ఇంకా పచ్చగా ఉన్నాయి. మాలకొండమ్మ వాటిని ఒళ్లో వేసుకుని ఇంటికి పోయింది.

చిన్న గొడవల్లో ఎప్పుడూ ఓడిపోతూ వచ్చిన మాలకొండమ్మ పెద్ద గొడవకు దిగింది మాత్రం రెబెకమ్మ అనే ముసలమ్మ వల్ల. ఒక కార్తీక మాసం సాయంత్రం మాలకొండమ్మ కూలి నుంచి వస్తుంటే ప్లాట్‌ఫారం మీద ఒక ముసలమ్మ మూట పెట్టుకుని కూర్చుని కనిపించింది. ఉదయగిరి కొండ కింద ఒక పల్లె నుంచి నడిచి వచ్చిందట. ఇంట్లోవాళ్లు చెక్కతో గరిటెలు చెక్కుతారు, వాటిని మూటకట్టుకుని గూడూరులో ఉన్న కూతురి దగ్గరికి బయలుదేరింది. కూతురికి నెలలు నిండాయి. ఇక్కడ రైలుంది కదా, ఒక్క ఊపున పోవచ్చని ఎవరో చెప్పారు.

"బస్సు పోయిందా అవ్వా?" అని అడిగింది మాలకొండమ్మ.

"పోయింది తల్లీ. మీ మాస్టరయ్య గంట కొడితే నేను చూస్తానే ఉండా. నాకు రైలు గదా కావాల్సింది. వస్తాదిలే, కూచో అన్నాడాయన."

మాలకొండమ్మ మొగుడి వైపు తిరిగింది. పెంచలయ్య గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. ముసలమ్మకు రైలు లేదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరికీ చెప్పవలసిన అవసరం పడలేదు మరి. ఊరివాళ్లు అడగరు. బయటివాళ్లు అడిగేలోపు బస్సు వచ్చేది.

మాలకొండమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముసలమ్మ పక్కన కూర్చుని చెప్పింది. "అవ్వా, రైలు లేదు. ఎప్పుడూ రాలేదు. వస్తాదో రాదో గూడా ఎవురికీ తెల్దు."

రెబెకమ్మ చుట్టూ చూసింది. గదిని, పలకను, గీతలను చూసింది. "మరి ఇదంతా ఏందమ్మా?"

"ఇది నా చేను."

ముసలమ్మ వంగి ప్లాట్‌ఫారం కింది నుంచి పిడికెడు మన్ను తీసి వేళ్ల మధ్య నలిపింది. "మంచి నేల. సజ్జ బాగా వస్తాది. బీడెందుకు పెట్టినారు తల్లీ?" అంది.

ఇన్నేళ్లలో ఆ నేలను నేలగా చూసిన మనిషి ఆమే. మాలకొండమ్మ ఆమెను ఇంటికి తీసుకుపోయి సంగటి పెట్టి, తన చాప మీద పడుకోబెట్టింది. పొద్దున్నే బస్సు ఎక్కించింది. బస్సు ఎక్కించి నేరుగా వెంకటరమణయ్య ఇంటికి వెళ్లి అరుగు ముందు నిలబడింది.

"అయ్యగారూ, గృహప్రవేశానికి ఏమేం కావాల?"

"ఆవూ దూడా ముందు అడుగు పెట్టాల. కొత్త పొయ్యి మీద పాలు పొంగాల. దంపతులు కుడికాలు పెట్టి లోపలికి పోవాల. గుమ్మడికాయ కొట్టాల."

"రైలు గూడా రావాల్నా?"

వెంకటరమణయ్య వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. తనకు తెలిసిన శాస్త్రమంతా మనసులో వెతుక్కున్నాడు. ఆవు ఉంది, దూడ ఉంది, పాలు ఉన్నాయి. "శాస్త్రంలో రైలు మాట లేదు తల్లీ," అన్నాడు చివరికి.

"ఆ ముక్క చెంచురామయ్యగారికి చెప్పండి."

చెంచురామయ్య మొదట ససేమిరా అన్నాడు. రైలు రాని గృహప్రవేశం పెళ్లికొడుకు లేని పెళ్లి లాంటిదన్నాడు. కానీ సరిగ్గా అప్పుడే ఆంధ్ర రాష్ట్రంలో మళ్లీ ఎన్నికలు వచ్చి పడ్డాయి. ఓట్లకు నిలబడిన ఇంకొకాయన గుండ్లకుంటకు వస్తానని కబురు చేశాడు. ఆయన చేత స్టేషన్ తెరిపిస్తే ఏటిగడ్డపాలెం వాళ్ల నోళ్లు మూతపడతాయి, కోర్టులో కూడా పనికొస్తుంది. చెంచురామయ్య రెండు రోజులు ఆలోచించి, ఆ ఆలోచన మొదట తనకే వచ్చినట్టు ఊరికి చెప్పాడు.

మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. పీటల మీద ఎవరు కూర్చోవాలని మళ్లీ తగువొచ్చింది. చెంచురామయ్యకు కూర్చోవాలని లోపల ఉంది. కానీ ఆయన కూర్చుంటే అది ఆయన కొట్టం అవుతుంది, స్టేషన్ కాదు, కోర్టులో ఏటిగడ్డపాలెం ప్లీడరు ఆ ముక్కే పట్టుకుంటాడు. అందుకని నేల గలవాళ్లే కూర్చోవాలని తీర్మానమైంది. మాలకొండమ్మ తలకు నూనె రాసుకుని, పెళ్లినాటి చీర పెట్టెలో నుంచి తీసి కట్టుకుంది. పెంచలయ్య కోటు ఉతుక్కున్నాడు.

మేళం వచ్చింది. ఓట్లాయన వచ్చాడు. ఆవునూ దూడనూ తోలుకొస్తుంటే ముగ్గు గీతల దగ్గర పెంచలయ్య చెయ్యెత్తి ఆపి, ఇటూ అటూ చూసి, అప్పుడు దాటించాడు. ఓట్లాయన కూడా ఆగి ఇటూ అటూ చూశాడు. పాలు పొంగాయి. దంపతులు కుడికాళ్లు పెట్టారు. గుమ్మడికాయ పగిలింది. ఓట్లాయన మాట్లాడుతూ, ఇంత చక్కగా నడుస్తున్న స్టేషన్‌ను తాను ఎక్కడా చూడలేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక మాలకొండమ్మ లేచింది. "అయ్యగారూ, గృహప్రవేశం అయిందా?"

"అయిందమ్మా, సలక్షణంగా," అన్నాడు వెంకటరమణయ్య.

"అయితే గది వదిలేసి మిగతా నేలలో నాగలి పెట్టుకోవచ్చా?"

వెంకటరమణయ్య చెంచురామయ్య వైపు చూశాడు, తరువాత పొంగిన పాలకుండ వైపు చూశాడు. చేతిలో ఇంకా అక్షింతలున్నాయి. ఆ స్థితిలో అబద్ధం ఆడడానికి ఆయనకు భయమేసింది. "పెట్టుకోవచ్చు. దోషం లేదు," అన్నాడు. చెంచురామయ్య ఏదో అనబోయాడు గానీ, ఓట్లాయన ముందు శాస్త్రాన్ని కాదంటే బాగుండదని ఊరుకున్నాడు. ఊరుకోవడమే గాక, వానలు పడినప్పుడు ఎద్దులు పంపుతానని కూడా అన్నాడు. మాట తప్పితే ఊరి ముందు చులకనవుతాడు.

ఆ తరువాత నెలల తరబడి పెంచలయ్య పెళ్లాంతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, పిలిస్తే పలికాడు, అంతే. మాలకొండమ్మ మూడు ఊళ్లు అడిగి మేలైన సజ్జ విత్తనాలు సంపాదించి, వేపాకు వేసి కుండలో మూతపెట్టింది. ఆరుద్ర కార్తెలో వాన పడింది. మర్నాడు పొద్దున చెంచురామయ్య ఎద్దులు, నాగలి వచ్చి చేను గట్టు మీద నిలబడ్డాయి.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. మా వైపు ఆడది విత్తనం చల్లొచ్చు, కలుపు తియ్యొచ్చు, కొయ్యొచ్చు, నూర్చొచ్చు. నాగలి మేడి మాత్రం పట్టకూడదు. పట్టిందా, వాన వెనక్కి పోతుందని ఊరంతా మీదపడుతుంది. పోనీ ఇంకొకరిని పిలుద్దామంటే, మాస్టరు కూర్చుని చూస్తుండగా స్టేషన్‌లో నాగలి పెట్టడానికి ఎవరికి ధైర్యం? పెంచలయ్య గది గుమ్మంలో కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు.

"లెయ్యి. ఎద్దులు వచ్చినాయి," అంది మాలకొండమ్మ.

"నేను పట్టను."

"నువ్వు పట్టకపోతే ఎవరు పడతారు? తేమ రేపటికి ఉంటాదా?"

పెంచలయ్య కోటు గుండీ తడుముకున్నాడు. తరువాత తల ఎత్తకుండానే అన్నాడు. "ఈ కోటు రాకముందు నన్ను ఏమని పిలిచేవాళ్లో నీకు గుర్తుండాదా? ఒరే. ఏందిరా. పోరా. మా నాయన్నీ అంతే పిలిచినారు. ఆయన చచ్చిపోయేదాకా ఆయన పేరేందో ఊళ్లో సగం మందికి తెల్దు. ఇప్పుడు చెంచురామయ్య గూడా మాస్టరూ అంటాడు. ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోతాది. రైలు రాదని నాకు తెల్దనుకున్నావా? మొదట్నుంచీ తెలుసు. నాగలి పట్టినానంటే మళ్లీ ఒరే నే గదా."

మాలకొండమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఇన్నేళ్లూ మొగుడికి పిచ్చి అనుకుంది, ఒళ్లు బద్ధకం అనుకుంది. ఇది అనుకోలేదు. అతని మీద జాలేసింది. కోపం కూడా పోలేదు.

"నీకు పిలుపు దొరికింది, నిజమే," అంది. "నా నేల పోయింది. నీ పిలుపు కోసం నేను ఒకరి చేలో వంగినాను. ఇన్నేళ్లు వంగినాను. ఇంక వంగలేను."

అంతకన్నా బతిమాలలేదు. పార తీసుకుని చేలోకి దిగి, నాగలి పట్టకూడదు గాని పార పట్టకూడదని ఎవరూ అనలేదు కదా అన్నట్టు, ఒక మూల నుంచి తవ్వడం మొదలుపెట్టింది. ఎకరం నేలను పారతో తవ్వడమంటే ఏమిటో చేసినవాళ్లకు తెలుస్తుంది. ఇన్నేళ్లు జనం తొక్కి గట్టిపడిన నేల, పై తేమ ఒక పొర, కింద రాయి. పార దెబ్బకు ముక్క లేస్తే లేచింది, లేకపోతే ఖణేలుమని వెనక్కి వచ్చింది. కాడి వేసిన ఎద్దులు నెమరు వేస్తూ ఆమెను చూశాయి. పెంచలయ్య కూడా చూశాడు. నాలుగు బారలు తవ్వేసరికి ఆమె నడుము పట్టుకుని నిలబడిపోయింది.

పెంచలయ్య లేచాడు. కోటు విప్పలేదు. గుండీ కూడా తియ్యలేదు. ఆ కోటుతోనే వచ్చి, మేడి పట్టుకుని, ఎద్దులను అదిలించాడు. కాకీ కోటు తొడుక్కుని దుక్కి దున్నిన మనిషిని గుండ్లకుంట అంతకు ముందు చూడలేదు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగిపోయారు. నాగలి గది చుట్టూ తిరిగి, ప్లాట్‌ఫారం పక్కగా వచ్చి, ముగ్గు గీతలను మట్టిలోకి దున్నేసింది. వీపు మీద కోటు చెమటతో నల్లబడింది. మాలకొండమ్మ సజ్జలు కొంగులో పోసుకుని అతని వెనక వచ్చింది.

ఎద్దులు ఎలా పనిచేస్తున్నాయో చూసుకోవడానికి చెంచురామయ్య చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. గట్టు మీద నిలబడి, దుక్కి వైపు చూసి, అలవాటుగా కేకేశాడు.

"ఒరే పెంచలా, లోతుగా పోనీరా."

పెంచలయ్య చేతిలో మేడి సడలింది. ఎద్దులు ఆగాయి. అతను వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. మాలకొండమ్మకు ఒళ్లంతా మండిపోయింది. ఆ పదవిని ఊళ్లో అందరికంటే ఎక్కువ అసహ్యించుకున్నది ఆమే. అంతవరకు ఒక్కనాడు కూడా ఆ పిలుపు ఆమె నోటి నుంచి రాలేదు.

"మాస్టరు అనండయ్యా," అంది.

"ఏందే?"

"మాస్టరు అనండి. గృహప్రవేశం చేయించింది మీరే గదా. స్టేషన్ ఉండాది. మాస్టరు గూడా ఉండాడు. దుక్కి దున్నుకుంటా ఉండాడు, అంతే."

చెంచురామయ్య చుట్టూ చూశాడు. రోడ్డు మీద నిలబడినవాళ్లలో ఏటిగడ్డపాలెం మనుషులు ఇద్దరున్నారు. వాళ్లు చెవులు రిక్కించి వింటున్నారు. పెంచలయ్య మాస్టరు కాదంటే అది స్టేషన్ కాదు. స్టేషన్ కాదంటే కోర్టు వాయిదా ఎల్లుండే. ఆయన గొంతు సవరించుకున్నాడు. చేతికర్ర ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మాస్టరుగారూ," అన్నాడు రోడ్డు దాకా వినపడేలా. "కొంచెం లోతుగా పోనీండి."

పెంచలయ్య తల ఊపాడు. కళ్లు తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. కోటు భుజానికి ముఖం రుద్దుకుని ఎద్దులను అదిలించాడు. నాగలి ఈసారి లోతుగా దిగింది. మాలకొండమ్మ ఆ చాలు వెంట సజ్జలు చల్లుకుంటూ నడిచింది.